బాగుచేసే చెయ్యి దొరకని వస్తువు ఇంటికి వద్దు

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఏ ఇంటి అటకైనా ఒకసారి దించి చూడండి. సారెతో వచ్చిన స్టీలు డబ్బాలు, గృహప్రవేశానికి ఎవరో చదివించిన డిన్నర్ సెట్టు, దాని అట్టపెట్టె మీద ఊడని టేపు, పేరంటాల్లో వాయనంగా వచ్చిన చిన్నచిన్న గిన్నెలు, మూతలు పోయిన ఫ్లాస్కులు, కాలు విరిగిన స్టూలు, ఎందుకైనా పనికొస్తాయని దాచిన మిక్సీ జార్లు. వీటిలో మనం డబ్బు పెట్టి కొన్నవి ఏరితే చాలా తక్కువ తేలతాయి. మన ఇళ్ళలో సామాను పెరిగేది షాపింగ్ వల్ల కన్నా మొహమాటం వల్ల. పెళ్ళికి వస్తుంది, సీమంతానికి వస్తుంది, సంక్రాంతికి అల్లుడితో వస్తుంది. వచ్చినదాన్ని కాదనలేం, వాడలేం, పారేయలేం. అందుకే ‘ఇన్ని వస్తువులతోనే బతకండి’ అని లెక్క చెప్పే సలహాలు మనకు అతకవు.

దానికి తోడు ‘కొత్తొక వింత, పాతొక రోత’ అని సామెత ఒకటి. ఈ మధ్య దీనికి ఎదురుగాలి కూడా వీస్తోంది. చవకగా వస్తోంది కదా అని ఫోన్‌లో ప్రకటన చూసి పాత సోఫా, పాత కూలరు, పాత ట్రెడ్‌మిల్లు తెచ్చి ఇల్లు నింపుకోవడం. రెండూ ఒకే తప్పు. వస్తువు కొత్తదా పాతదా అని చూస్తున్నాం తప్ప, రేపు పాడైతే ఎవరి దగ్గరికి తీసుకెళ్ళాలో ఆలోచించడం లేదు. నా కొలత ఒక్కటే. దీన్ని బాగుచేసేవాళ్ళు మన ఊళ్ళోనో, ఒక్క బస్సు ఎక్కితే చేరే పట్నంలోనో ఉన్నారా? ఉంటే అది ఎంత పాతదైనా రావచ్చు. లేకపోతే ఎంత కొత్తదైనా గుమ్మం దాటనివ్వకూడదు.

ఈ కొలతకు అన్నిటికన్నా బాగా నిలబడేవి ఇత్తడి, కంచు. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలో బుడితి ఉంది. కంచు, ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు. అక్కడి పనితనానికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడా వచ్చింది. అలాంటి పని జిల్లాలోనే ఉండగా, అమ్మమ్మల నాటి గుండిగను తుక్కు కింద తూకానికి వేసి నాన్‌స్టిక్ పెనం తెచ్చుకుంటున్నాం. ఆ పెనం పూత లేచిపోయిన రోజున దాన్ని బాగుచేసేవాళ్ళు ఈ రెండు జిల్లాల్లో ఎక్కడా కనిపించరు.

పాత ఇత్తడి బిందె, గుండిగ, మరచెంబు కొనేటప్పుడు మూడు చోట్ల చూడాలి. అడుగు అంచు, మెడ అతుకు, చెవులు. నీళ్ళు నిండా పోసి పొడి పేపరు మీద గంటసేపు ఉంచండి. సూదిమొనంత చిల్లు ఉన్నా పేపరు చెబుతుంది. లోపల బూడిదరంగు మచ్చ ఉబ్బెత్తుగా కనిపిస్తే అది మాటు, అంటే చిల్లు పూడ్చిన అతుకు. పాత మాటుల్లో తగరంతో పాటు సీసం కలిసి ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి మాటు వేసిన గిన్నెలో పులుసు, మజ్జిగ, తాగేనీళ్ళు వద్దు. బియ్యం పోసుకోండి, పూలు పెట్టుకోండి. సొట్ట గురించి మాత్రం భయపడక్కర్లేదు. ఇత్తడి సాగే లోహం, సొట్ట లోపలి నుంచి కొట్టి తీయొచ్చు.

కంచు అలా కాదు. రాగిలో తగరం పాలు ఎక్కువ కావడంతో గట్టిగా ఉంటుంది, సొట్ట పడదు, పగులుతుంది. కంచు గిన్నెను మూడు వేళ్ళ కొనల మీద నిలబెట్టి రెండో చేతి మెటికతో అంచు మీద కొట్టండి. మంచి కంచు మోత చాలాసేపు సాగుతుంది. కంటికి కనబడని నెర్రె ఉంటే ‘టక్’ మని అక్కడికక్కడే చచ్చిపోతుంది. నెర్రె పడిన కంచుకు నమ్మకంగా నిలిచే అతుకు లేదు, దాన్ని మళ్ళీ కరిగించి పోత పోయాల్సిందే. అలాంటి గిన్నెకు తుక్కు ధర దాటి ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వొద్దు.

ఇక కళాయి, అంటే గిన్నె లోపల వేసే తగరం పూత. ఇత్తడిలో వండాలంటే ఇది లేకుండా కుదరదు. ఇత్తడి అంటే రాగి, జింకు. చింతపండు పులుపు తగిలితే రాగి కూరలోకి దిగుతుంది, చేదెక్కుతుంది, తిన్నవాళ్ళకు కడుపులో తిప్పుతుంది. పెద్దవాళ్ళు ‘కిలుము పట్టింది’ అని పక్కన పెట్టేసేది ఇదే. లోపలి వైపు తగరం పూత ఉంటే పులుపు రాగిని తాకదు.

కళాయి ఎలా వేస్తారో దగ్గరగా చూస్తే మంచి కళాయికీ చెడ్డ కళాయికీ తేడా తెలుస్తుంది. ముందు గిన్నెను నిప్పుల మీద పెట్టి పాత జిడ్డంతా కాల్చేస్తారు. తర్వాత ఇసుకతోనో, పలచటి యాసిడ్‌తోనో తోమి ఇత్తడి మెరుపు తేలేదాకా కడుగుతారు. అసలు పని ఇదే, తొందరపడేదీ ఇక్కడే. జిడ్డు మిగిలిన చోట తగరం అంటదు, నల్లమచ్చ తేలుతుంది. శుభ్రమైన గిన్నెను బొగ్గుల మీద తిప్పుతూ వేడెక్కిస్తారు. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గిన్నె ఆ వేడికి రాగానే చిటికెడు నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్) చల్లుతారు. గుప్పుమని తెల్లటి పొగ లేస్తుంది. లోహం మీద కంటికి కనబడని తుప్పుపొరను తీసేసేది ఆ నవాసాగరమే. వెంటనే తగరం కడ్డీ తాకిస్తే అది పాదరసంలా పారుతుంది. దూది ఉండతో ఒక్క ఊపున లోపలంతా పులుముతారు. ఆలస్యమై వేడి మీరితే తగరం పసుపు తిరుగుతుంది. వేడి చాలకపోతే ముద్దలు కడుతుంది. అంతా కలిపి గిన్నెకు పట్టేది కొన్ని నిమిషాలు. ఆ కొన్ని నిమిషాల ఒడుపు రావడానికి ఏళ్ళు పడుతుంది.

పని చేతికి వచ్చాక తెల్ల కాగితం ముక్కతో లోపల గట్టిగా రుద్ది చూడండి. కాగితానికి బూడిదరంగు చార అంటితే తగరంలో సీసం కలిసి ఉండొచ్చు. ఆ గిన్నెలో వండొద్దు. ముందే మాట్లాడుకునేటప్పుడు ‘మేలిమి తగరమేనా’ అని అడిగి, దానికి తగ్గ ధర ఒప్పుకోవడం మన బాధ్యత. తగరం ఖరీదైన లోహం. ధర మరీ నొక్కితే కల్తీ మనమే చేయించుకున్నట్టు.

వేసిన కళాయిని పోగొట్టుకునేది ఎక్కువగా మనమే. వట్టి గిన్నెను పొయ్యి మీద పెట్టి పోపు కోసం కాగనిస్తే తగరం కరిగి అడుగున గుంపు కడుతుంది. పోపు వేరే ఇనప గరిటెలో వేసి పైన పోసుకోవాలి. స్టీలు పీచుతో తోమకూడదు, కొబ్బరిపీచు, బూడిద చాలు. రోజూ పులుసు కాచే ఇంట్లో ఏడాదికోసారి, అప్పుడప్పుడూ వాడే ఇంట్లో ఇంకా ఆలస్యంగా, లోపల పసుపు రంగు తొంగిచూసినప్పుడు మళ్ళీ వేయించాలి.

వేరేవాళ్ళు వాడిన గిన్నెలో వండుకోవడమా అని ముఖం చిట్లించేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాటను నేను కొట్టిపారేయను. కానీ మన ఆచారమే దీనికి జవాబు చెప్పింది. మైల వచ్చినప్పుడు మట్టికుండను బయట పడేస్తారు. లోహపు పాత్రను చింతపండుతో తోమి, నిప్పు చూపించి లోపలికి తెచ్చుకుంటారు. తోమి కాల్చగలిగిన వస్తువుకు మైల నిలవదని మన పెద్దలు ఒప్పుకున్నట్టే కదా. చనిపోయినవారి మంచం, పరుపు వద్దనుకుంటే అది మనసుకు సంబంధించిన సంగతి, గౌరవించాలి. అదే పట్టింపు గుండిగకూ కుట్టుమిషనుకూ తగిలించనక్కర్లేదు.

కర్ర సామాను గురించి ఒక ఫిర్యాదు ఉంది నాకు. భోగిమంట. పాతవన్నీ భోగిలో వేయాలంటారు. ఆ ఆచారం పుట్టిన రోజుల్లో పాతవంటే చిరిగిన బుట్టలు, అరిగిన చీపుళ్ళు, పుచ్చిన కర్రలు. ఇప్పుడు వీధి మొదట్లో మంట చుట్టూ చేరుతున్నవి సన్‌మైకా అంటించిన చెక్కలు, రెగ్జీను కుర్చీలు, స్పాంజీ దిండ్లు. ప్లైవుడ్‌లో ఉన్న జిగురు కాలితే వచ్చే పొగ పిల్లల ముఖాల మీదికే వస్తుంది. ఇంకో పక్క కాలు మాత్రమే వదులైన టేకు కుర్చీ కూడా అదే మంటలో పోతుంది. భోగికి రెండు రోజుల ముందు వీధి కుర్రాళ్ళు పోగుచేసిన కుప్పను ఒక వడ్రంగితో కలిసి ఒక్కసారి చూడండి. టేకు, వేగిస, మద్ది, పనస ముక్కలు అందులో దొరకడం వింతేమీ కాదు.

పాత కర్ర ఎందుకు మంచిదంటే, ఏళ్ళ తరబడి ఎండి ఉంది కాబట్టి ఇక అంత తొందరగా వంకరపోదు. పెంకుటిళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే ద్వారబంధాలు, దూలాలు, వాసాలు ఇలాంటివే. కొనే ముందు చూడాల్సింది చెద, పుప్పి (కర్రను తొలిచే పురుగు). నేలకు ఆనిన చివర, గోడలో దిగిన చివర, ఈ రెండు చోట్ల స్క్రూడ్రైవరు మొన నొక్కాలి. సులువుగా దిగితే లోపల డొల్ల. గుండుసూది తలంత రంధ్రాల కింద పిండి రాలుతోంటే పుప్పి ఇంకా బతికే ఉంది. రంధ్రాలు నల్లబడి పిండి రాలకపోతే ఎప్పుడో పోయిందన్నమాట, అంతవరకు చెక్కేసి వాడుకోవచ్చు. వడ్రంగులు పాత కర్ర పట్టనంటారు, దానికి కారణం ఉంది. లోపల విరిగి ఉండిపోయిన మేకు రంపం పళ్ళనూ చిత్రిక బ్లేడునూ ఒక్క దెబ్బకు పాడుచేస్తుంది. అందుకని పట్టుకెళ్ళే ముందే స్పీకరులోంచి తీసిన అయస్కాంతం కర్ర పొడవునా నడిపించి, అతుక్కున్న చోటల్లా సుద్దతో గుర్తు పెట్టి, మేకులు పీకి ఇవ్వండి. చిత్రిక పట్టాక ప్రతి వైపూ పావు అంగుళం దాకా తగ్గుతుంది, కొలతలు అది కలుపుకుని చెప్పాలి. పాత ఆయిలు పెయింటు ఉంటే పొడిగా గీకొద్దు. అందులో సీసం ఉండొచ్చు. తడిపి గీకి, ఆ పొట్టును పిల్లలకు అందని చోట పారేయాలి.

కర్రపొట్టును జిగురుతో నొక్కి చేసిన రెడీమేడ్ బీరువాలు, కంప్యూటర్ బల్లలు మాత్రం పాతవి తేవద్దు. ఒకసారి స్క్రూ ఊడిన రంధ్రంలో మళ్ళీ స్క్రూ పట్టదు. మన సముద్రపు గాలిలో, ఒక్క వాన తడికి, అంచులు అటుకుల్లా ఉబ్బుతాయి. ఉబ్బింది మళ్ళీ దిగదు.

గుడ్డ దగ్గరికి వస్తే, బొంత. పొందూరు ఖద్దరు నేసిన ప్రాంతం మనది. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి సన్ననూలు తీసిన చేతులు ఇక్కడివి. ఆ పంచె చిరిగేది వయసు మీదపడి కాదు. బ్రష్షుతో రుద్దడం వల్ల, గంజి పెట్టి బీరువాలో దాచడం వల్ల. గంజి తినడానికి వచ్చిన పురుగు గుడ్డనూ కొరుకుతుంది. దాచే బట్టకు గంజి వద్దు. పలచబడిన పంచెకు, నూలు చీరకు రెండో బతుకు బొంతలో ఉంది. అదెలా కుట్టాలో తెలిసినవాళ్ళు ఇంట్లో ఇంకా ఉండగానే నేర్చుకోవాలి.

చీర ఐదున్నర మీటర్లు. మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు. ఒక మనిషి పడుకునే కొలత. రెండు చీరలు పరిస్తే ఆరు పొరలు. వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరవేసినవే వాడాలి. ముందే ముడుచుకుపోయి ఉంటే తర్వాత ముడుచుకోవు. చదునైన నేల మీద పరిచి, ముడతలు చేత్తో సరిచేసి, ముందుగా జానెడు జానెడు దూరంలో పొడవాటి వదులు కుట్లు అడ్డంగా, నిలువుగా వేయాలి. ఈ పని మానేసి ఒక అంచు నుంచి నేరుగా కుట్టుకుంటూ పోతే పై పొర జరుగుతూ జరుగుతూ చివరకు వచ్చేసరికి మధ్యలో పొంగుతుంది. ఆ పొంగును విప్పి మళ్ళీ కుట్టడం తప్ప మార్గం లేదు. వదులు కుట్లు పడ్డాక నడిమధ్య నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ, అంగుళానికో వరస, వరిగింజంత కుట్లు. నలభై ఐదు వరసలు పడతాయి. రెండు పేటల లెక్కన 200 మీటర్ల దాకా దారం పడుతుంది. ఒకే రీలు కొనుక్కోండి, లేకపోతే రంగు కలవదు. అన్నిటికన్నా ముఖ్యం, నూలు చీరల మధ్య పాలిస్టరు చీర పెట్టొద్దు. నూలు ఉతికినప్పుడు లాగుతుంది, పాలిస్టరు లాగదు. మొదటి ఉతుకుకే బొంత అలలు తేలిపోతుంది. పైగా చెమట పీల్చదు. పాలిస్టరు చీరలను స్టీలు సామాన్లవాళ్ళకు ఇచ్చుకోండి, నూలువి మాత్రం ఒక్కటీ ఇవ్వొద్దు.

పరుపు సంగతీ ఇంతే. దూది పరుపును విప్పి ఏకించి మళ్ళీ కుట్టించుకోవచ్చు. దుమ్ము పోగా తగ్గిన కిలో, రెండు కిలోల దూది కలుపుకుంటే సరి. బూరుగు దూది అలా ఏకడానికి నిలవదు, పోగు విరిగి పొడైపోతుంది, అది దిండ్లకే. ఫోమ్ పరుపు ఒకసారి గుంటపడితే ఎవరూ ఏమీ చేయలేరు. వాడిన పరుపు ఏదైనా సరే, కుట్టు అంచుల్లో నల్లటి చుక్కలు వెతికి చూడకుండా తెచ్చుకోవద్దు. అవి నల్లుల గుర్తు. నల్లులు చేరిన ఇల్లు వాటిని వదిలించుకోవడానికి పడే పాట్ల ముందు పరుపు మీద మిగిలిన డబ్బు లెక్కలోకి రాదు.

సైకిలు గురించి చెప్పడం నాకు ఇష్టం. సెకండ్ హ్యాండ్‌లో దీన్ని మించిన వస్తువు లేదు. ఎచ్చెర్ల, రాజాం, విజయనగరం వైపు కాలేజీల దగ్గర ఏప్రిల్, మే నెలల్లో చదువు ముగించిన పిల్లలు గదులు ఖాళీ చేస్తారు. సైకిళ్ళు, మంచాలు, బల్లలు అప్పుడే వస్తాయి. ఉద్యోగుల బదిలీలు కూడా ఎక్కువగా వేసవిలోనే. జూన్‌లో బడులు తెరిచాక వెతికితే అదే సైకిలుకు ఎక్కువ ఇవ్వాలి.

సైకిలు చూసేటప్పుడు పెయింటు, సీటు వదిలేయండి. హ్యాండిలు దిగే గొట్టం కింద, పెడలు ఇరుసు దగ్గర, ఫ్రేము అతుకుల్లో వెంట్రుకంత గీత ఉందేమో చూడాలి. అక్కడ తుప్పు నీరు కారిన చార ఉంటే పగులు ఉన్నట్టే. తర్వాత చైను. కొత్త చైనులో ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెట్టి 24 గడుల తర్వాతి పిన్ను మధ్యకు సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. స్టీలు స్కేలు పెట్టి కొలవండి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు పెరిగిందంటే ఆ చైను ఫ్రీవీల్ పళ్ళను కూడా తినేసింది. అప్పుడు ఒక్క చైను మారిస్తే కొత్త చైను పాత పళ్ళ మీద కూర్చోక జారుతుంది, తొక్కేటప్పుడు మోకాలు హ్యాండిలుకు తగులుతుంది. రెండూ మార్చే ఖర్చు తీసేసి బేరమాడండి. పెడలు చెయ్యి పట్టుకుని అటూ ఇటూ ఊపితే టక్కుటక్కుమంటే దాన్ని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను అరిగింది, అది చిన్న ఖర్చే. చక్రం ఎత్తి తిప్పి, బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందు చూడండి. రెండు మిల్లీమీటర్ల ఊగిసలాట ఉంటే చువ్వలు బిగించి సరిచేస్తారు. రిమ్ము అంచు నలిగి ఉంటే మాత్రం రిమ్మే మార్చాలి. ఈ పనులన్నీ మండల కేంద్రంలో చెట్టు కింద కూర్చున్న సైకిలు షాపు మనిషి చేయగలడు. డిస్కు బ్రేకులు, గేర్లు ఉన్న సైకిలుకు ఆ ధీమా లేదు.

మోటారు సైకిలుకు వస్తువు కన్నా కాగితం ముఖ్యం. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు ఒడిశా బళ్ళు చవకగా దొరుకుతాయి. ఆ చవక వెనక ఎన్‌వోసీ (అభ్యంతరం లేదని అక్కడి రవాణాశాఖ ఇచ్చే పత్రం), ఆంధ్రాలో మళ్ళీ రిజిస్ట్రేషను, ఇక్కడి పన్ను ఉన్నాయి. వేరే రాష్ట్రం బండి 12 నెలలు దాటి ఇక్కడ తిరగాలంటే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. అవన్నీ కలిపి లెక్కేస్తే చవక మిగలదు. సొంత రాష్ట్రం బండికి పేరు మార్పు కోసం ఫారం 29, 30. అప్పు ఉండి తీరితే బ్యాంకు కాగితంతో పాటు ఫారం 35. అమ్మినవారు 14 రోజుల్లో రవాణాశాఖకు తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. ఖాళీ ఫారాల మీద సంతకం తీసుకుని ‘తర్వాత చూద్దాంలే’ అనడం మన దగ్గర పాత అలవాటు. రిజిస్ట్రేషనులో పేరున్న మనిషిదే ప్రమాద పరిహారం బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, అమ్మినవాళ్ళకే ఇది ఎక్కువ ప్రమాదం. ఇంకొక మాట. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చిన నేల ఇది. నాగావళి, వంశధార పొంగే నేల. నీళ్ళలో మునిగిన బండి ఎక్కడో ఒకచోట అమ్మకానికి వస్తూనే ఉంటుంది. సీటు ఎత్తి వైరు కనెక్టర్లు ఊడదీసి చూడండి. మడతల్లో సన్నటి ఒండ్రు, రాగి మీద పచ్చటి పొడి కనిపిస్తే వదిలేయండి.

పాత ఫోను కొనేముందు స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కి ఐఎంఈఐ నంబరు (ఆ ఫోనుకే ఉండే గుర్తింపు సంఖ్య) తీసుకోండి. కేవైఎం అని ఇంగ్లీషులో టైపు చేసి, పక్కన ఆ నంబరు పెట్టి 14422కు మెసేజ్ పంపితే దొంగిలించిన ఫోనుగా నమోదైందో లేదో తెలుస్తుంది.

నా కొలత ఇబ్బంది పడే చోటు కరెంటు సామాను. పాత సీలింగు ఫ్యానును ఎవరైనా బాగుచేస్తారు. నెమ్మదిగా తిరుగుతుంటే రెండున్నర మైక్రోఫారడ్ కెపాసిటరు మారుస్తారు, గరగరమంటే బేరింగులు, కాలిపోతే రాగి తీగతో వైండింగు. కానీ అది 75 వాట్లు తింటుంది. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యానుకు నెలకు 16 యూనిట్ల తేడా. అయితే దాని లోపలి బోర్డు వోల్టేజీ ఎగుడుదిగుళ్ళకు పోతే మన వీధి మెకానిక్కు చేయగలిగేది తక్కువ. ఆ బోర్డు విడిగా దొరికే రకమా కాదా కనుక్కోకుండా కొనొద్దు. రాత్రంతా తిరిగే పడకగదికి కొత్తది, ఎప్పుడో ఒకసారి వేసే వసారాకు పాతది అన్నది నా లెక్క. ఫ్రిజ్జుకూ ఇదే వాదన. ఇరవై నాలుగు గంటలూ నడిచేది కాబట్టి స్టారు లేబులు మీద సంవత్సరం చూసి పదేళ్ళు దాటినదాన్ని వదిలేయండి. తలుపులో కాగితం పెట్టి మూసి లాగితే జారిపోకుండా పట్టుకోవాలి. ఆటోలో తెచ్చాక వెంటనే ప్లగ్గు పెట్టకుండా కొన్ని గంటలు నిలువుగా ఉంచాలి, కంప్రెసరు నూనె కిందికి దిగాలి.

కుట్టుమిషను విషయంలో ఏ సందేహమూ లేదు, తొక్కే మిషను ఎంత పాతదైనా తెచ్చుకోండి. ఒకటే జాగ్రత్త, కొబ్బరితోటల మధ్య బతుకుతున్నాం కదా అని కొబ్బరినూనె వేయొద్దు. చలికాలంలో గడ్డకట్టి, తర్వాత జిగురై లోపలి భాగాలను పట్టేస్తుంది. అలా పట్టేసిన మిషనును ‘పాడైంది’ అని తక్కువకు అమ్మేస్తుంటారు. కిరోసిన్‌తో కడిగి మిషను నూనె వేస్తే చాలావరకు తిరుగుతుంది.

హెల్మెట్టు, గ్యాసు పైపు, లోపల గుంటలు పడిన ప్రెషరు కుక్కరు, ఇన్వర్టరు బ్యాటరీ ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దు.

‘బాగుచేయించే ఖర్చుకు కొత్తదే వస్తుంది’ అనే మాట రోజూ వింటాం. ఆ మాట అన్నప్పుడు రెండు ధరలే పోలుస్తాం, రెండు ఆయుష్షులు పోల్చం. వంద రూపాయల లోపు వచ్చే మిక్సీ కప్లరు కోసం మిక్సీనే మార్చిన ఇళ్ళు ఉన్నాయి. రబ్బరు పళ్ళు అరిగి జారుతున్న శబ్దాన్ని మోటారు పోయిందనుకుంటారు. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. బాగుచేసే పని చవకగా ఉండాలని మనం కోరుకున్నన్నాళ్ళూ ఆ పనివాళ్ళ పిల్లలు విశాఖకో హైదరాబాదుకో వెళ్ళిపోతూనే ఉంటారు. మాటు వేసేవాళ్ళు, రోలుకు కక్కు కొట్టేవాళ్ళు, దూది ఏకేవాళ్ళు వీధిలోకి రావడం తగ్గిపోయిందని బాధపడేవాళ్ళం వాళ్ళకు ఆఖరిసారి పని ఇచ్చింది ఎప్పుడో గుర్తు తెచ్చుకోవాలి.

అందుకే అటక సర్దడం నాకు ఇంటి పని మాత్రమే కాదు, వీధి పని. సంక్రాంతికి సున్నాలు వేసేటప్పుడు ఎలాగూ అన్నీ దించుతాం. దించినవాటిని అప్పుడే మూడు కుప్పలు చేయండి. పోయిన సంక్రాంతి నుంచి వాడినవి, చుట్టాలొస్తే వాడేవి, అసలు ముట్టనివి. రెండో కుప్ప దగ్గరే అసలు మిగులు. పాతిక మందికి వండే డేగిసాలు, పెద్ద గరిటెలు, బేసిన్లు ప్రతి ఇంట్లోనూ ఎందుకు? మూడు నాలుగు ఇళ్ళకు కలిపి ఒక సెట్టు చాలు, అడుగున పేరు కొట్టించి ఎవరో ఒకరింట్లో పెట్టుకోవచ్చు. మూడో కుప్పలో స్టీలును తూకానికి ఇచ్చేటప్పుడు అయస్కాంతం అతుక్కోలేదు కాబట్టి మేలురకం అనుకోవద్దు. చవకైన 202 రకానికీ మేలైన 304 రకానికీ రెండింటికీ అతుక్కోదు. ముందే ఇంట్లో తూచుకుని బయటికి తీయండి. ఇత్తడిని మాత్రం తూకానికి వేయకండి, వాడుకునేవాళ్ళకు ఇవ్వండి.

కళాయి వేసే మనిషి దొరికితే ఒక్క గిన్నె ఇచ్చి పంపొద్దు. ఒక్క గిన్నెకు కొలిమి రాజేస్తే అతని బొగ్గు ఖర్చు కూడా రాదు. నాలుగిళ్ళవాళ్ళు కలిసి పది పన్నెండు గిన్నెలు ఒకే రోజుకు పోగుచేయండి. ముందురోజు రాత్రి చింతపండు నీళ్ళలో నానబెట్టి జిడ్డు తోమి పెడితే అతనికి తోమే పని సగం తగ్గుతుంది, మనకు నల్లమచ్చలు తగ్గుతాయి. ఇనప కడియాలు ఊడదీయండి. గాలివాటం చూసి, నవాసాగరం పొగ ఎవరింట్లోకీ పోని చోటు, చెట్టు నీడ, రెండు బకెట్ల నీళ్ళు, మళ్ళీ ఎప్పుడొస్తాడో రాసుకోవడానికి అతని ఫోన్ నంబరు.